ఎర్రగండి గోడల రంగులు

బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిందే, ఆ వానకే నాగేశ్వరమ్మ తోటలో రెండు చిన్నరసం మామిడిచెట్లు వేళ్లతో సహా గండిలోకి జారిపోయాయి. వాన తెరిపిచ్చాక ఆమె గొడుగేసుకుని వెళ్లి చూసింది. రెండు చెట్లూ ఎర్రటి బురదలో తలకిందులుగా పడున్నాయి. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. పడిపోయామని వాటికింకా తెలిసినట్టు లేదు.

రెడ్డిగూడెం దాటి కొండవైపు తిరిగితే వచ్చే మెట్టలో ఆ తోట. భర్త వెంకటకృష్ణారావు పోయిన దగ్గర్నుంచీ నాగేశ్వరమ్మే చూసుకుంటోంది. ఒక్కగానొక్క కూతురు హరిచందన బాపులపాడులో కాపురముంటోంది. పూతకి మందు కొట్టించడం, కాయ కోయించడం, లారీకెత్తించి మార్కెట్‌కి తోలించడం, వీటిలో దేనికీ నాగేశ్వరమ్మ జంకే మనిషి కాదు. గండి ముందు మాత్రం ఆమె ధైర్యం చాలేది కాదు.

మొదట్లో అది నడుములోతు కాలవ. పిల్లలు దూకి అవతలికి పోయేవాళ్లు. ఏటికేడాది వాన తింటూ తింటూ ఇప్పుడు మూడు నిలువుల లోతైంది. కింద పాములా మెలికలు తిరిగి, పైన తిన్నగా కొండవైపు పాకుతోంది. లోపల గడ్డిపరక మొలవదు. వేసవిలో అంచున నిలబడితే కొలిమి మీద వంగినట్టు సెగ కొడుతుంది. ఊళ్లో దానికి ఎర్రగండి అని పేరు పెట్టారు. నాగేశ్వరమ్మకి ఆ పేరంటేనే ఒళ్లు మంట.

చెట్లు పడ్డ వారానికి ఇన్నయ్య వచ్చాడు. రోడ్ల పనికి ఎర్రగ్రావెల్ తోలే కాంట్రాక్టరు. గండి చుట్టూ తిరిగి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"ఇది పూడ్చేది కాదమ్మా. ఎంత మట్టి పోసినా మళ్లీ వాన తీసుకుపోద్ది. ఒక పని చేద్దాం. గండికి రెండు పక్కలా ఉన్నదంతా నేను తవ్వి తోలుకుపోతాను. చివరికి చదును చేసి ఇస్తాను. గండే ఉండదు."

"చెట్లు?"

"ఆ పక్క చెట్లు పోతాయి. ఎట్టాగూ పోయేవే కదమ్మా."

నాగేశ్వరమ్మ ఆలోచించింది. వాన తినే బదులు మిషన్ తింటుంది, అంతే తేడా అనిపించింది. కనీసం ఎంత తింటుందో ముందే తెలుస్తుంది. "వరికోతలయ్యాక రా" అంది. ఇన్నయ్య సరేనని వెళ్లాడు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పక్క తోటలో వనభోజనాలు జరిగాయి. మైకులో పాటలు, పిల్లల కేకలు. మధ్యాహ్నం నాగేశ్వరమ్మ తోట చుట్టి వస్తుంటే, గండి అంచున ఒకమ్మాయి బోర్లా పడుకుని తల కిందికి వేలాడేసి చూస్తోంది. పట్టుచీర కట్టుకుని ఉంది. కొంగు నడుముకి బిగించింది.

"ఎవరమ్మా అది! లే, లే! అంచు కూలుద్ది!"

ఆ అమ్మాయి గబుక్కున లేచి చీర దులుపుకుంది. "సారీ అండీ. మీ తోటేనా? అడక్కుండా వచ్చేశాను."

"మైనింగ్ ఆఫీసు నుంచా?" ఇన్నయ్య తవ్వకానికి అనుమతి సంగతి అడగలేదని నాగేశ్వరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది.

"కాదండీ. కాలేజీలో పాఠాలు చెప్తాను. భూగర్భశాస్త్రం. నా పేరు శ్రీరమ్య. మాది జి. కొండూరు. అక్కడ రామాలయంలో నాన్నగారు అర్చకులు. పక్క తోటకి వనభోజనాలకి వచ్చాం."

"ఉసిరిచెట్టు కింద కూర్చుని భోంచెయ్యక ఈ గోతిలో ఏం చూస్తున్నావు?"

శ్రీరమ్య మొహం వెలిగింది. "ఏం చూడలేదో అడగండి. దిగడానికి దారుందా అండీ?"

దారి ఉంది. కింద మెలికల దగ్గర గట్టు విరిగి మెట్లలా పడింది. ఏళ్లుగా ఆ గండి అంచున నిలబడి తిట్టడమే గాని, నాగేశ్వరమ్మ ఎప్పుడూ లోపలికి దిగలేదు. ఈ పిల్ల ఒక్కతే దిగితే మీద కూలుతుందేమోనని భయమేసి, తనూ కర్ర పట్టుకుని వెనకే దిగింది.

లోపల మాట గోడలకి తగిలి మెల్లిగా తిరిగొస్తోంది. వనభోజనాల మైకు వినబడటం మానేసింది. తలెత్తితే సన్నటి నీలపు చీలికలా ఆకాశం. రెండు పక్కలా గోడలు. ఎండ ఒక గోడ మీద పడి, ఎదురుగోడ కూడా ఆ వెలుతురుకే కాంతిగా ఉంది.

"చూడండి" అంది శ్రీరమ్య, గొంతు తగ్గించి. గుళ్లో మాట్లాడినట్టే ఉంది.

అన్నిటికంటే పైన ముదురెరుపు, గులకరాళ్లతో. దాని కింద ఇటుక రంగు. ఆ తర్వాత పసుపు, ముఖానికి రాసుకునే పసుపంత చక్కటి పసుపు. దాని మధ్యలో అక్కడక్కడ వంకాయరంగు చారలు. అడుగున తెల్లటి సుద్ద, పలకలు పలకలుగా. ఎవరో చీరలు మడతపెట్టి బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది. ఈ రంగులన్నీ తన తోట కింద ఉన్నాయని నాగేశ్వరమ్మకి ఇన్నాళ్లూ తెలీదు. పైనుంచి చూస్తే ఎర్రటి గొయ్యి తప్ప ఇంకేం కనపడదు.

"ఇన్ని రంగులెట్టా వచ్చినయి?"

"చాలామటుకు ఇనుమేనండీ. ఇనుము బాగా తుప్పు పట్టిన చోట ఎరుపు. తడి అంటిపెట్టుకుని తుప్పు పట్టిన చోట పసుపు. నీళ్లు ఇనుముని కడిగేసిన చోట తెలుపు. మీ ఇంట్లో పాత గమేళాకి పట్టిన తుప్పే ఇది కూడా."

శ్రీరమ్య ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. ఎక్కడిదో ఎడారి. కంటికందినంత మేర లోయ, లోయ గోడల నిండా ఇవే రంగులు, వరసలు వరసలుగా.

"చదువుకునేటప్పట్నుంచీ ఇలాంటి చోటుకి వెళ్లాలని ఆశండీ. కుదరలేదు. గండికోట చూశాను, విశాఖలో చదువుతున్నప్పుడు భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగాను. మా ఇంటికి ఇంత దగ్గర్లో మామిడిచెట్ల కింద ఇది ఉందని నాకెవరూ చెప్పలేదు."

"ఆ ఫొటోలో ఒక్క చెట్టు లేదే."

"అందుకే అక్కడ రంగులు కనపడతాయి. వానే ఉండదు, నేలని కప్పడానికి పచ్చదనం ఉండదు. మన దగ్గర అంతా చెట్ల కిందే దాగి ఉంటుంది. మీ గండి తెరిస్తే బయటపడింది."

"అట్టా తెరిచి నా చెట్లు మింగుతోంది. నీకు బొమ్మలాగుంది గానీ తల్లీ, నాకిది తద్దినం."

శ్రీరమ్య నాలిక్కరుచుకుంది. పక్కనే తలకిందులుగా ఎండిపోయి ఉన్న చెట్టుని అప్పుడే చూసినట్టుంది. తర్వాత సుద్దపలకల దగ్గర కూర్చుని, కిందపడ్డ ఒక ముక్కని రాయితో మెల్లిగా తట్టింది. అది పుస్తకంలా రెండుగా విచ్చుకుంది. లోపల ఒక ఆకు అచ్చు. ఈనె, ఈనెకి రెండు పక్కలా దువ్వెన పళ్లలాంటి రేకులు. తెల్లటి సుద్ద మీద లేత గోధుమరంగులో, నిన్న రాలిన ఆకులాగా ఉంది.

"కోట్ల ఏళ్ల కిందటిదండీ. ఈత జాతి చెట్టులా ఉండేది. అప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే సముద్రం. ఏటి నీళ్లు మోసుకొచ్చిన బురదలో ఈ ఆకు పడింది. మీద ఇంకో పొర బురద కప్పింది. ఇవాళ మనం తీశాం."

నాగేశ్వరమ్మ వేలితో ఆ ఈనె మీద రాసింది. ఆ ఆకు రాలిననాటికి మామిడిచెట్టే లేదేమో. నూజివీడు లేదు, రెడ్డిగూడెం లేదు. "అమ్మో" అంది.

పైకి వచ్చేముందు శ్రీరమ్య గండి తల దాకా నడిచింది. అక్కడ గోడ నిట్టనిలువుగా, కొడవలి వంపులో ఉంది. వెనక్కి తిరిగి చూసి అడిగింది.

"కింద మెలికలు బాగానే ఉన్నాయి. కానీ ఈ పైభాగం గీత గీసినట్టు ఇంత తిన్నగా ఎలా ఉందండీ? నీళ్లు ఇలా నడవవు. ఇక్కడ ముందే ఎవరైనా తవ్వారా?"

నాగేశ్వరమ్మ కర్ర మీద బరువేసి నిలబడింది. "కందకం" అంది చివరికి.

అత్తగారు వెంకాయమ్మ పోయాక అన్నదమ్ములు తోట పంచుకున్నారు. ఇవతల సగం వెంకటకృష్ణారావుది, అవతల సగం తమ్ముడు బసవపున్నారావుది. హద్దు దగ్గర నాలుగు చెట్లు ఎవరివన్న మాట మీద పెరిగిన గొడవ కొట్టుకునేదాకా పోయింది. పెద్దమనుషులు కూర్చుని, ఇంకెప్పుడూ పేచీ రాకుండా హద్దు వెంట పైనుంచి కిందికి కందకం తీయించారు. పేచీ ఆగింది. దానితోపాటే మాటలూ ఆగిపోయాయి.

"కొండమీది నీళ్లన్నీ ఆ కందకంలో పడుతున్నాయి" అంది శ్రీరమ్య నెమ్మదిగా. "అదివరకు తోటంతా పరుచుకుని పారేవి. ఇప్పుడు ఒకే గాడిలో దూకుతున్నాయి. గండి కింద పుట్టి, కందకాన్ని పట్టుకుని పైకి పాకుతోంది. గండి ఎప్పుడూ తలవైపే పెరుగుతుందండీ."

"మా పున్నారావు వాలుకి దున్నించబట్టే ఈ గండి పడిందని నేను ఊరంతా చెప్పాను. నా వల్ల పడిందని వాళ్లు చెప్పారు."

"ఇద్దరి వల్లా కాదు. పూడ్చాల్సింది ఆ కందకం. ఎవరు వచ్చి ఈ గండిని చదును చేసినా, నీళ్లు అక్కడే దూకుతుంటే కొత్త గండి పడుతుంది."

"పూడిస్తే ఆగుద్దా?"

శ్రీరమ్య అబద్ధం చెప్పలేదు. "నేను పొరలు చదవగలనండీ. గండి ఆపే పని ఎప్పుడూ చెయ్యలేదు. మా సార్ ఒకాయన అనంతపురంలో ఆ పనిమీదే ఉంటారు. కనుక్కుని చెప్తాను."

ఆ సారుని నాలుగుసార్లు ఫోన్లో విసిగించి శ్రీరమ్య పని తెలుసుకుంది. కందకం పైభాగం పూడ్చి, వాలుకి అడ్డంగా రెండు తోటల్లోనూ చిన్న గట్లు వెయ్యాలి. నీళ్లు పరుచుకుంటాయి. గండి లోపల అక్కడక్కడ రాళ్ల అడ్డుకట్టలు పేర్చాలి. మట్టి వాటి వెనక నిలుస్తుంది. అంచున వట్టివేరు గడ్డి నాటాలి. అన్నీ చేతనైన పనులే. చేతకానిది ఒక్కటే, పున్నారావుతో మాట్లాడటం.

నాగేశ్వరమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. డిసెంబరులో తుపాను వానలు రెండు రోజులు పడ్డాయి. గండి తల దగ్గర గుర్తుకని శ్రీరమ్య పాతిన కర్ర కనబడలేదు. అది ఉన్న చోటే లేదు. గండి ఒక మంచం పొడుగు పైకి పోయింది. మర్నాడు పొద్దున్నే నాగేశ్వరమ్మ చీర మార్చుకుని, ఊళ్లో మరిది గడప ఎక్కింది.

పున్నారావు వసారాలో పేపరు చదువుతున్నాడు. వదినని చూసి లేచి నిలబడ్డాడు, కానీ రమ్మనలేదు. తోటికోడలు కంగారుగా కుర్చీ వేసి, కాఫీకి లోపలికి పరిగెత్తింది.

నాగేశ్వరమ్మ చెప్పాల్సింది సూటిగా చెప్పింది. పున్నారావు చివరిదాకా విని పేపరు మడిచాడు.

"కందకం పూడ్చడానికేం వదినా, ఒక పూట పని. తర్వాత హద్దేది? రేపు నేను పోతాను, మీరు పోతారు. మీ అల్లుడొచ్చి నా చెట్ల కింద నిలబడి ఇది మాదంటే?"

"రాళ్లు పాతుకుందాం."

"పాతిన రాయి జరగదా? రాళ్లుండగానే కదా పోయినసారి తలలు పగిలింది. కందకం అయితే జరగదు."

"అది జరుగుతోందనే కదా చెప్తున్నాను. నా వైపు తిన్నది. రేపు నీ వైపూ వచ్చిద్ది."

"వచ్చినప్పుడు చూద్దాం." అతను మళ్లీ పేపరు విప్పాడు. "అన్నయ్య బతికుండగా రావాల్సిన మాట ఇది."

కాఫీ వచ్చింది. నాగేశ్వరమ్మ తాగి, గ్లాసు కింద పెట్టి, తోటికోడలికి చెప్పి వచ్చేసింది. దారిలో కళ్లు మండాయి. ఇంటికెళ్లి ఇన్నయ్యకి ఫోన్ చేసింది. రమ్మని చెప్పబోయి, తీరా అతను "చెప్పండమ్మా" అనేసరికి, విచ్చుకున్న ఆ సుద్దపలకే కళ్లముందు ఆడింది.

"ఇప్పుడొద్దు ఇన్నయ్యా. ఆగు" అంది.

"మంచి రేటమ్మా ఇది. తర్వాత నా చేతిలో ఉండదు."

"ఉండకపోతే పోనీ."

ఫోన్ పెట్టేశాక తనేం చేసిందో తనకే అర్థం కాలేదు. గండి అలాగే ఉంది, మరిది కాదన్నాడు, ఉన్న ఒక్క దారీ తనే మూసేసుకుంది. హరిచందనకి చెబితే, "నీకేమైందమ్మా?" అంది.

మామిడి పూత విరగబూసిన రోజుల్లో శ్రీరమ్య తన విద్యార్థుల్ని మినీబస్సులో తీసుకొచ్చింది. ఆ పిల్లలు గండిలోకి దిగి, టేపులతో కొలిచి, రంగు పెన్సిళ్లతో గోడల బొమ్మలు గీశారు. తేనెటీగల రొద, పూత వాసన, లోపల్నుంచి పిల్లల నవ్వులు. ఆ గండిలోంచి నవ్వులు వినబడటం అదే మొదటిసారి. నాగేశ్వరమ్మ పులిహోర కలిపి తెచ్చింది. మజ్జిగ చాలదేమో అనుకుంటుండగా, అవతలి గట్టు మీంచి తోటికోడలు బిందె చంకనెత్తుకుని వస్తూ కనబడింది.

"పిల్లలొచ్చారంట కదక్కా. మజ్జిగ తెచ్చాను. రంగులున్నాయంట, నేనూ చూడొచ్చా?"

నాగేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని దింపింది. తోటికోడలు పసుపు గోడని చేత్తో తడిమి వేళ్లకంటిన పొడి చూసుకుంది. గండి తల దాకా నడిచి, పైకి చూసి, అక్కడే ఆగిపోయింది.

"అక్కా, అది మా మోటారు షెడ్డేనా?"

అవును. గండి గోడ పైభాగాన, మట్టి జారిపోయిన చోట, సిమెంటు గచ్చు అడుగు కనబడుతోంది. పైన నిలబడితే ఏమీ తెలియదు. కిందనుంచి చూస్తే గచ్చు కింద చేట వెడల్పున ఖాళీ, గాలి. తుపాను వాన దాన్ని తొలిచింది.

"రోజూ పొద్దున ఆయన స్విచ్ వెయ్యడానికి అక్కడే నిలబడతారు" అంది ఆమె. బిందె అక్కడే వదిలేసి పైకెక్కిపోయింది.

గంట తిరక్కుండా పున్నారావు వచ్చాడు. చెప్పులు అంచున విడిచి, పంచె ఎగ్గట్టి గండిలోకి దిగాడు. పిల్లలు పక్కకి తప్పుకున్నారు. అతను గండి తల దగ్గర నిలబడి, గాలిలో ఉన్న తన గచ్చు వంక చాలాసేపు చూశాడు. షెడ్డు పక్కన నాగేశ్వరమ్మ వైపు చెట్టొకటి, అతని వైపు చెట్టొకటి. మట్టి కోసుకుపోయి రెంటి వేళ్లూ గోడ మీద వేలాడుతున్నాయి. ఎర్రమట్టిలోంచి పసుపులోకి దిగి, కందకం కిందుగా అటుదిటు ఇటుదటు పోయి, ఏది ఎవరి చెట్టు వేరో చెప్పలేకుండా ఉన్నాయి.

"అమ్మ నాటినవి కదా ఈ రెండూ" అన్నాడు.

"ఒకే రోజు నాటారంట. నేను కాపురానికి రాకముందు."

అతను వంగి, రాలిపడ్డ సుద్దముక్క తీసుకుని చేతిలో తిప్పాడు. వదిన వైపు చూడకుండానే అడిగాడు.

"అన్నయ్య పెద్దకర్మనాడు వచ్చాను. మీకు తెలుసా?"

"తెలుసు. భోజనానికి కూర్చోకుండా పోయావు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులాగుంది."

"ఎవరూ కూర్చోమనలేదు వదినా. విస్తళ్లు వేశారు. నిలబడే ఉన్నాను. అందర్నీ పేరు పెట్టి పిలిచారు. నన్ను పిలవలేదు. సొంత అన్న కర్మకి నేను పిలవకుండా ఎట్టా కూర్చునేది?"

"ఆ రోజు నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు పున్నారావూ. బయట ఎవరు తిన్నారో, ఎవరిని పిలిచారో నాకేం తెలుసు? నేనుంటే పిలవనా?"

"మీరే పిలవొద్దన్నారనుకున్నాను."

శ్రీరమ్య విద్యార్థుల్ని కింది మెలిక వైపు తీసుకుపోయింది. నాగేశ్వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత మామూలు గొంతుతో అంది:

"పైన పులిహోర ఉంది. పదా, తిందువు గాని."

అతను కదిలాడు. పైకెక్కడానికి వదినకి చెయ్యి కూడా ఇచ్చాడు. విస్తరాకులో పెట్టిన పులిహోర తింటూ, శ్రీరమ్య గీసిన బొమ్మ ముందేసుకుని, గట్టు ఎక్కడొస్తుంది, నీళ్లు ఎటు మళ్లుతాయి, తన షెడ్డు ఎంత వెనక్కి జరపాలి అని ఒక్కోటీ అడిగాడు. శ్రీరమ్య తనకి తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది. హద్దు సంగతి మాత్రం అతనే తేల్చాడు.

"హద్దు వెంట వట్టివేరు నాటుదాం. వరస కనబడుతూనే ఉంటుంది. నీళ్లనీ ఆపుద్ది, నోళ్లనీ ఆపుద్ది."

పని మొదలుపెట్టేసరికి మాఘమాసం సగమైంది. పొక్లెయిన్ కావాలంటే నాగేశ్వరమ్మ ఇన్నయ్యకే ఫోన్ చేసింది. అతను మొదట నవ్వాడు. "తవ్వడానికి వద్దని, పూడ్చడానికి పిలుస్తున్నారా!" అని వేళాకోళమాడి, మిషన్ పంపాడు. బండరాళ్లు కొండ కింద పాత క్వారీ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చాయి. కందకం పూడుస్తుంటే పున్నారావు ఒక పక్క, నాగేశ్వరమ్మ ఒక పక్క నిలబడి చూశారు. మట్టి సమమైన చోట అతను నాలుగడుగులు నడిచి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

అన్నీ సవ్యంగా జరగలేదు. మొదట పేర్చిన అడ్డుకట్ట మార్చిలో పడ్డ చిన్న జల్లుకే ఒక పక్క జారింది. రాయిని గోడలోకి దిగేసి కట్టలేదని అనంతపురం సారు వీడియో కాల్‌లో మందలించారు. విప్పి మళ్లీ కట్టారు. నాటిన వట్టివేరులో కొంత ఎండలకి మాడిపోయింది. తోటికోడళ్లిద్దరూ సాయంత్రాలు బిందెలతో నీళ్లు పోసి మిగతాది నిలబెట్టారు. ఎండలు ముదిరాక గండి లోపల రాళ్లు ముట్టుకుంటే కాలేవి. చుట్టూ చెట్లనిండా కాయ వేలాడుతుంటే, మధ్యలో ఆ ఎర్రటి పసుపుపచ్చటి లోయ ఎక్కడో ఎడారి ముక్క తెచ్చి పడేసినట్టుండేది. ఆ ఏడాది రసాలు కోసే కూలీలు మధ్యాహ్నం పూట గండి నీడలో కూర్చుని అన్నం తిన్నారు. గోడలు చూడ్డానికి వాళ్ల పిల్లల్నీ తెచ్చుకున్నారు.

మెలికల దగ్గర, ఆకు దొరికిన గోడని మాత్రం ముట్టుకోవద్దని శ్రీరమ్య అడిగింది. నాగేశ్వరమ్మ అక్కడ రాయి పేర్చనివ్వలేదు. ఏటా విద్యార్థుల్ని తీసుకురావడానికి కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు. ఆ పొరల మీద శ్రీరమ్య పరిశోధన కూడా మొదలుపెట్టింది. "ఎడారికి ఎప్పుడైనా వెళ్తానండీ. ఈలోపు ఇది పూర్తి చెయ్యడానికే పదేళ్లు పట్టేలా ఉంది" అంది నవ్వుతూ.

జూన్ నడిమికి అసలు వాన వచ్చింది. మధ్యాహ్నం రెండింటికే చీకటి కమ్మి, ఏకధారగా కురిసింది. నాగేశ్వరమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. గొడుగు పనికిరాని వాన అది. యూరియా సంచి తల మీద కప్పుకుని తోటకి వెళ్లింది. కొండమీది నీళ్లు వస్తున్నాయి. గట్టు దగ్గర ఆగి, రెండు పక్కలకీ పరుచుకుని, చెట్ల పాదుల్లోకి మెల్లిగా పాకుతున్నాయి. గండి తల దగ్గర ప్రతిసారీ వినబడే హోరు లేదు. ఆమె భయం భయంగా అంచుకి వెళ్లి తొంగిచూసింది. అడ్డుకట్టల వెనక మోకాలిలోతున బురద నిలిచింది. తల అలాగే ఉంది. ఒక్క మట్టిపెళ్ల కూడా రాలలేదు.

కింద మెలికల దగ్గర్నుంచి పున్నారావు కేక వినబడింది. అతనూ తడుస్తూ అక్కడే ఉన్నాడు.

"వదినా! ఇటొచ్చి చూడండి!"

ఆమె జాగ్రత్తగా దిగింది. ఏటా ఎర్రగా, చిక్కగా, తోట రక్తం కారినట్టు పోయే నీళ్లు. ఇవాళ చివరి అడ్డుకట్ట రాళ్ల సందుల్లోంచి సన్నగా, మట్టి రంగు పల్చబడి వస్తున్నాయి. తడిసిన గోడల రంగులు రెట్టింపయ్యాయి. పసుపు బంగారంలా ఉంది, వంకాయ చారలు నిగనిగలాడుతున్నాయి.

పున్నారావు దోసిలి పట్టి ఆ నీళ్లు ఆమెకి చూపించాడు. అడుగున అతని అరచేతి గీతలు కనబడుతున్నాయి.